ఫ్రిజ్ ఫిర్యాదు రికార్డుల గురించి

ఫిర్యాదుల అధికారి గారికి,

నా భార్య పోయి నాలుగు నెలలైంది. ఫ్రిజ్ పాడైందని ఆమె మీకు చేసిన ఫోన్లను మీరు రికార్డు చేశారు. ఆమె గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. నకలు ఇమ్మని అర్జీ పెట్టి, మీరు అడిగిన మరణ ధ్రువపత్రం జతచేశాను.

అది చూసి మీవాళ్లు ఆమె రికార్డులన్నీ చెరిపేశారు. "పోయినవాళ్లవి ఉంచం సార్, మొత్తం తీసేశాం, మీరేం కంగారుపడకండి" అని మీ ఆఫీసు అమ్మాయి నాకు ధైర్యం చెప్పింది.

పరిహారం ఎంతో మీరే నిర్ణయించండి. దానితోపాటు మరొకటి కోరుతున్నాను. చివరి ఫోన్లో ఆమె "మీ ఫ్రిజ్ కంటే మా బీరువా చల్లగా ఉంది నాయనా" అంటే, మీ ఉద్యోగి పకపకా నవ్వడం పక్కనున్న నాకూ వినిపించింది. నాకు గుర్తున్నది అంతే. అతన్ని వెతికి, ఆమె ఇంకేమందో రాయించి పంపండి. అతనూ మరిచిపోయి ఉంటే ఆ సంగతే రాయండి. ఇక అడగను.

ఇట్లు,
ఆమె భర్త