బుగ్గ వేసే ముందు

సెప్టెంబరు 1948, శనివారం రాత్రి, కార్ఖానా బస్తీ

లడాయి ఆగిపోయింది, ఇక దీపాలు వేసుకోవచ్చని సాయంత్రం దండోరా వేశారు. చూస్తుండగానే వీధంతా వెలిగింది. నేను మాత్రం మా ఇంటి కరెంటు బుగ్గ స్విచ్ దగ్గరే నిలబడిపోయాను.

ఎక్కడో దూరాన కాలువ మీది చిన్న పవర్‌హౌస్‌లో మా ఆయన చేసే పని నాకు తెలుసు. పైనుంచి నీళ్లు పెద్ద గొట్టంలో కిందికి దూకి చక్రాన్ని తిప్పుతాయి. దానితోపాటు యంత్రం తిరిగి కరెంటు పుడుతుంది. ఊరంతా ఒకేసారి దీపాలు వేస్తే చక్రం బరువెక్కి నెమ్మదిస్తుంది. అప్పుడు ఆయన తూము తలుపు చేత్తో ఇంకాస్త ఎత్తి నీళ్లు పెంచాలి. లడాయి మొదలైనప్పటి నుంచి ఆయన కబురు లేదు. ఆ తలుపు దగ్గర ఇవాళ ఉన్నది ఆయనేనా...

"ఏందే, చీకట్ల నిలవడ్డవ్? బుగ్గ వెయ్యి," అంది అత్తమ్మ.

"జెర ఆగుదాం అత్తమ్మా. అందరు ఒక్కసారే వేస్తే ఆయనకు తక్లీఫ్ అయితది."

"పిచ్చిదానా, మనకొచ్చే కరెంటు ఆడికెల్లి రాదని వాడే చెప్పిండు గదా."

నాకూ తెలుసు. అయినా చెయ్యి లేవలేదు. అత్తమ్మ వచ్చి నా పక్కనే నేల మీద కూలబడింది.

"సరే తీ. మనం అందరికన్న ఆఖర్ల వేద్దాం."