అత్తయ్యకు వేసిన ఈల

ఆదివారం, మధ్యాహ్నం

అక్కయ్యకు నీ చెల్లెలు నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ మెట్లెక్కుతున్నావని తలుస్తాను.

నిన్న బాలికల బాస్కెట్‌బాల్ ఫైనల్‌కి నేనే రిఫరీని. ఒక జట్టు కోచ్ ఎవరనుకున్నావు, మా అత్తగారే. నేను తప్పుకుంటానని ముందే చెప్పాను. నిర్వాహకులు అవతలి కోచ్‌ని అడిగితే, ఆయన పడీపడీ నవ్వి, అత్తాకోడళ్ళయితే తనకేం బెంగలేదని, భయపడాల్సింది ఆవిడేనని అన్నారట.

మీ మరిది ఎవరికి చప్పట్లు కొట్టినా ముప్పేనని చేతులు కట్టుకుని స్కోరుబోర్డు కింద కూర్చున్నారు.

మూడో క్వార్టర్‌కల్లా అత్తయ్య జట్టు బాగా వెనకబడింది. పిల్లలు కాళ్ళీడుస్తున్నారు. నేనొక ఫౌల్ ఇవ్వగానే అత్తయ్య బెంచీ మీంచి లేచి, అది ఫౌల్ ఎలా అవుతుందని అరిచారు. ఊరుకున్నాను. కోచ్‌కి ఆట మీద కోపం రాకపోతే ఇంకెవరికొస్తుందని నువ్వే అనేదానివి. కాసేపటికి, కళ్ళజోడు ఇంట్లో మరిచారా అన్నారు. నాకసలు కళ్ళజోడే లేదు. దగ్గరికెళ్ళి, ఇదే ఆఖరిసారని మెల్లగా హెచ్చరించాను.

ఆ తర్వాత హాలంతా వినబడేలా అన్నారు.

"అవతలివాళ్ళకి అమ్ముడుపోయారా, రిఫరీగారూ?"

చూడక్కా, ఆట మీద మాట వేరు, మనిషి నిజాయితీ మీద మాట వేరు. ఇది వదిలేస్తే రేపు ఈల పట్టిన ప్రతివాళ్ళూ పడాల్సిందే. ఇంటికెళ్ళి ఎవరి మొహం చూడాలో గుర్తొచ్చినా, ఈల వేసి చేతులతో 'టీ' గుర్తు చూపించాను. నోటి దురుసుకి వేసే టెక్నికల్ ఫౌల్ అది. అవతలివాళ్ళకో ఫ్రీ త్రో దక్కింది, బంతి బుట్టలో పడింది. మీ మరిది తల పట్టుకున్నారు.

అంతే, అత్తయ్య జట్టు పిల్లలకి ఏం పూనిందో గానీ శివాలెత్తిపోయారు. పొట్టిపిల్ల కెప్టెన్ ఎవరికీ అందలేదు. ఆఖరి బంతి రింగు చుట్టూ గిరగిరా తిరిగి, అందరి ప్రాణాలూ తోడేసి, లోపల పడింది. ఒక్క పాయింటుతో గెలిచారు.

ఇవాళ పొద్దున్న అత్తయ్యే కాఫీ తెచ్చిచ్చి, నేను చేసింది సబబేనన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. మరి నువ్వేమంటావు?

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: కవరు అంటిస్తుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. తమ కోచ్‌కి శిక్ష పడితే పిల్లలకి పౌరుషం వస్తుందని, కావాలనే అరిచారట.

"చిన్న మాటలతో సరిపెడదామనుకున్నానే. నువ్వు కదిలితేగా? కోడలివి, మొహమాటపడి వదిలేస్తావేమోనని హడలిపోయాను. అందుకే అంత మాట అనాల్సొచ్చింది" అని నా చేయి పట్టుకున్నారు.

వంటింట్లో మీ మరిది ఒకటే నవ్వు. నాకూ ఆగలేదు. వచ్చే ఏడు మొదటి మాటకే ఈల వేస్తానని బెదిరించాను. అయితే నోరు పాడుచేసుకునే పని తప్పిందని ఆవిడ తెగ సంబరపడిపోతున్నారు.