తాగలే అన్నావు, నమ్మలేదు

ప్రియమైన కుమారుడు సాల్మన్‌కు,

నీ బాపు ప్రేమతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నిన్ను కన్న అవ్వ, నేను బాగానే ఉన్నాం. మెట్‌పల్లిలో నువ్వు కూడా క్షేమమేనని తలుస్తాను. బాగానే ఉన్నామని చేతి అలవాటు కొద్దీ రాశాను గానీ, నా వరకు అది సగమే నిజం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నువ్వు నా ఫోన్ ఎత్తక ఆరు నెలలైంది. అవ్వకు మాత్రం చేస్తున్నావు, సంతోషం. అలాంటిది నా పేరు మీద నీ ఉత్తరం వచ్చేసరికి విప్పడానికి చేతులు రాలేదు. అవ్వ చూసి "ఏంది, కొడుకు ఉత్తరాన్ని కోర్టు నోటీసు లెక్క పట్టుకున్నవ్?" అంది. ఆమె నోరు నీకు తెలిసిందే కదా.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అవ్వ మోకాళ్ళు ఇప్పుడు కాస్త నయం, చర్చి దాకా నడుస్తోంది. నీ పదో తరగతి మెమో ట్రంకు పెట్టెలో దొరికింది, రిజిస్టరు పోస్టులో పంపుతాను. వానలు మొదలయ్యాక బొగ్గు దుమ్ము అణిగింది, ఆరేసిన బట్టలు తెల్లగానే ఇంట్లోకి వస్తున్నాయి. ఇక, "నా రిపోర్టు ముచ్చట స్తుతి వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు బాపూ?" అని అడిగావు. ఉంగరాలు మార్చుకునే ప్రధానం ఇంకా మూడు వారాలుందనగా వాళ్ళు సంబంధం వద్దన్నది ఎందుకో, ఎవరి వల్లనో తెలుసుకోవాలని నీకుంటుంది. ఆ జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగిలింది నువ్వు చదవవు.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు కడుపు కుడిపక్క బరువుగా ఉందన్నావు. కరీంనగర్‌లో స్కానింగ్ తీయిస్తే ఫ్యాటీ లివర్ అన్నారు. మన కాలనీలో లివర్ అనే మాట వినిపిస్తే ఇక ఇంకో మాట అడగరు. నాతో డ్యూటీ చేసినవాళ్ళను ఎంతమందిని ఆ మాటతోనే కాటికి మోశానో లెక్కలేదు. వాళ్ళంతా తాగినవాళ్ళే. అందుకే నువ్వు ఎన్నిసార్లు "తాగలే బాపూ" అన్నా నా చెవికి ఎక్కలేదు. ఒంటరిగా గది తీసుకుని ఉంటున్నాడు, అలవాటు అయ్యుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రభు భోజనానికి నువ్వు అందరితోపాటు వచ్చి మోకరించావు. నేను సంఘ పెద్దగా పాస్టరుగారి పక్కన రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. తాగేవాడు అది ముట్టకూడదని, వంగి నీ చెవిలో "లే, నీకు లేదు" అన్నాను. నువ్వు లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయావు. సంఘమంతా చూసింది. ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది బిడ్డా. "సొంత కొడుకని గూడ సూడలే సామ్యూల్" అని ఇద్దరు ముగ్గురు మెచ్చుకుంటే విని, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. అవ్వ ముట్టలేదు.

పోయిన నెల మా బొగ్గు కంపెనీలో యాభై దాటినవాళ్ళకు వైద్య పరీక్షలు పెట్టారు. నాకూ స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ పద్మలత కాగితం చూసి "పెద్దాయనా, మీ లివర్‌కు కొవ్వు పట్టింది" అంది.

"నేను తాగను మేడం, బైబిలు మీద ఒట్టు" అన్నాను. ఒట్టు పెట్టుకోవద్దని ఆదివారం బడిలో మీకందరికీ నేర్పినవాడిని నేనే.

"మీరు తాగుతరని ఎవరన్నరు?" అంది ఆమె.

తాగనివాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుందట. తిండి, షుగర్, కూర్చునే పని, ఇలా చాలా ఉంటాయట. ఇల్లు ఎక్కడని కూడా అడిగింది. ముప్పై ఏళ్ళుగా బొగ్గు యార్డు గోడ పక్కనే అన్నాను. సన్న దుమ్ము, పొగ ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళకు ఈ జబ్బు ముప్పు ఎక్కువగా కనబడుతోందని పరిశోధనలు చేసేవాళ్ళు అంటున్నారట. "మీకు గా దుమ్ముతోనే వచ్చిందని నేను చెప్పలేను. కాని అది ఊపిరితిత్తుల కాడనే ఆగదు పెద్దాయనా" అంది. రోజూ నడవమంది, నూనె, తీపి తగ్గించమంది. నువ్వూ అలాగే చెయ్యి.

బయట బెంచీ మీద కూర్చుంటే నాకు నువ్వే కళ్ళముందు మెదిలావు. నువ్వు ఐదో తరగతిలో ఉండగా కొత్త కాలనీలో నాకు క్వార్టరు వచ్చింది, యార్డుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో. అవ్వ సామాను కూడా కట్టింది. నేనే వద్దని రాసిచ్చాను. అవ్వతో డ్యూటీకి దూరమని చెప్పాను గానీ, అసలు సంగతి నా దగ్గరుండే చర్చి తాళంచెవి. దూరం పోతే అది ఇంకొకరి చేతికి పోతుందని నా బాధ. ఆ తర్వాత పదేళ్ళు నువ్వు ఆ గోడ పక్కనే ఆడావు. కంపెనీ బొగ్గు వాకిట్లో రాజేస్తే ఆ పొగలోనే కూర్చుని ఎక్కాలు చదివావు. నిన్ను అక్కడ ఉంచినవాడినీ నేనే, జబ్బు వచ్చాక తాగుబోతన్నవాడినీ నేనే.

ఇక నీ ప్రశ్న. స్తుతి వాళ్ళ బాపు రాజేశానికి చెప్పింది నేనే. నన్నెవరూ అడగలేదు. పనిగట్టుకుని ఆదిలాబాద్ వెళ్ళి, వాళ్ళింట్లో చాయ్ తాగుతూ "మావోని లివర్ చెడిపోయింది, తాగుతుండనుకుంట. పిల్ల గొంతు కోయలేను, ఇగ మీ ఇష్టం" అన్నాను. అది నిజాయితీ అనుకున్నాను. నువ్వు అవ్వతో ఫోన్‌లో ఏడుస్తుంటే పక్కనే కూర్చుని "ఎవరు చెప్పిండ్రో ఏమో" అన్నాను. అవ్వకు ఈ రోజు దాకా తెలియదు. పోస్టులో వేసేముందు ఇదంతా ఆమెకు చదివి వినిపిస్తాను. ఏమంటుందో అనుకుంటేనే భయంగా ఉంది.

మొన్న బుధవారం నా రిపోర్టు పట్టుకుని మళ్ళీ ఆదిలాబాద్ వెళ్ళాను. ఎప్పుడూ బావా అని పిలిచే రాజేశం "కూసోండ్రి సామ్యూల్ గారూ" అన్నాడు. కాగితం ముందుపెట్టి, నా కొడుకు తాగడు, నేనే తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. స్తుతి లోపలినుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"మామయ్యా, గీ ముచ్చట ఆయనకు చెప్పిండ్రా?" అంది.

"ఇంకా లేదు బిడ్డా."

"మరి నాకెందుకు చెప్తున్నరు? ఆర్నెల్ల సంది నేను ఆయనను తాగుబోతనుకున్న. ఆయన నన్ను మాట తప్పిందనుకుంటుండు. ముందుగాల ఆయనకు చెప్పుండ్రి. గప్పుడు ఆయన ఫోన్ చేస్తే ఎత్తుత."

ఎత్తుతానంది, అంతే. పెళ్ళికి ఒప్పుకుంటానని అనలేదు. నంబరు మార్చుకుందట, కొత్తది వెనక పేజీలో రాశాను.

నన్ను క్షమించమని ఇందులో అడగడం లేదు సాల్మన్. నీ మనసు నాకు తెలుసు, అడిగితే వెంటనే సరే అంటావు. అంత సులువుగా తప్పించుకోవాలని నాకు లేదు. ముందు ఆ పిల్లకు ఫోన్ చెయ్యి. నాకు తర్వాత, నీకు చెయ్యాలనిపించిన రోజు.

ఇట్లు,
కన్నకొడుకు మాట నమ్మని నీ బాపు,
సామ్యూల్