అక్క తెచ్చిన కొత్తబియ్యం

ఏలూరు జిల్లా, కైకలూరు మండలం, తుమ్మలంక కాపురస్తుడను, కీర్తిశేషులు సుబ్బారాయుడు గారి కుమారుడను, వడ్లపట్ల తాతారావు అను నేను, వయస్సు డెబ్బై రెండు, వృత్తి వ్యవసాయం, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా. నిజానికి ఈ తెలివి ఆరేళ్ళ క్రితం ఉండవలసింది.

1. నేనుంటున్న డాబా ఇల్లు, దొడ్డి నా కుమారుడు సూర్యతేజకు సర్వహక్కులతో చెందాలి. దొడ్డి తలుపు వానాకాలం బిగుసుకుంటుంది. కాలితో తన్నకూడదు, పైకెత్తి లాగాలి. తన్ని తన్ని నేనే దాన్ని పాడుచేశాను.

2. తాడేపల్లిగూడెంలో ఉంటున్న నా కుమార్తె ప్రసన్నకు వాళ్ళమ్మ నగలు, మొన్న కాశీ నుంచి నేను తెచ్చిన గంగ చెంబు. కాశీకి వెళ్ళినవాడు ఇష్టమైనదేదో అక్కడ వదిలి రావాలంటారు. నేను కాకరకాయ వదిలాను. బుద్ధెరిగాక నేను కాకరకాయ ముట్టలేదని తెలిసిన ప్రసన్న నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను.

3. పెదనాన్నగారి అబ్బాయి తాతాజీకి నా చేతి గడియారం. పంచాయతీ ఎన్నికల్లో నాకు ఓటు వెయ్యలేదని ఇతనితో ఇరవై ఏళ్ళు మాట్లాడలేదు. వెయ్యకపోవడం తప్పు కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఈ ముక్క అతను ఊరంతా చదివి వినిపిస్తాడని తెలిసి కూడా.

4. నా చెరువు కాపలా, చేపల మేత పని చూసే అహరోనుకు నా మోటారుసైకిల్. చెరువు తవ్విన రోజున, "ఊట కాలువ లేకపోతే పక్కన అక్కగారి చేను పాడైపోద్దండీ" అన్నవాడు అతనొక్కడే. నీ పని నువ్వు చూసుకోమన్నాను.

5. ఆ ఎకరం చెరువు గురించి. ఇది పొడుగవుతుంది, ప్లీడరు కిరణ్ కుమార్ గారు ఓపిక పట్టాలి.

మా అక్క వీరరాఘవమ్మకు నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎనభై సెంట్ల చేను నా పొలాన్ని ఆనుకుని ఉంది. ఆడపడుచు చేలో పండిన కొత్తబియ్యం ఏటా పుట్టింటి పొయ్యి మీద మొదట ఉడకడం మా ఇంటి ఆచారం. ఆరేళ్ళ క్రితం నా వరిచేను చేపల చెరువు చేశాను. "మధ్యలో ఊట కాలువకి రెండు గజాలు వదలరా తమ్ముడూ, చెరువు నీళ్ళు నా చేలోకి ఊరతాయి" అని అక్క వచ్చి అడిగింది. "కాలం మారిందక్కా, నువ్వూ చెరువు తవ్వించుకో" అన్నాను. రెండు గజాల చోటు కోసం అన్నానా మాట. అక్క మళ్ళీ అడగలేదు. కొత్తబియ్యం మాత్రం ఏటా తెచ్చింది. మెరక ముక్కేదో పండుతోందనుకుని తిన్నాను. అటువైపు గట్టెక్కి చూస్తే తెలిసేది. ఎక్కలేదు.

కాశీ నుంచి వస్తూ ప్రసన్నను చూద్దామని తాడేపల్లిగూడెంలో రైలు దిగాను. ఒక బియ్యం కొట్టు ముందు అక్క కనిపించింది. తూయించిన కొత్తబియ్యం తన పాత గుడ్డసంచిలోకి వంపుకుని, కొట్టు పేరున్న సంచిని మడిచి కొట్టతనికే ఇచ్చేసింది. కైకలూరులో దొరకని బియ్యం కాదవి. ఊరివాళ్ళ కంట పడకూడదని డెబ్బై ఆరేళ్ళ మనిషి బస్సులు మారి అంత దూరం వెళ్ళింది. నేను ఆగి ఉన్న ఆటో చాటుకి తప్పుకున్నాను.

కాశీ సమారాధన నాడు ఆ సంచే తెచ్చి, "మన చేలోవేరా" అంది. "వాసనే చెబుతోందక్కా" అని అందరి ముందూ మారు వడ్డించుకున్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి గట్టెక్కాను. ఎనభై సెంట్లూ జమ్ము, తుంగ. సిగ్గుతో చచ్చిపోయాను అంటారు. నేను చావకుండా ఇంటికొచ్చి పడుకున్నాను.

ప్రయాణం చేసి వచ్చినవాడికి ఊరు మారినట్టు కనిపిస్తుంది. వయసు మళ్ళడం, మనుషులు పోవడం ఎవరూ ఆపలేరు, దానికి నాకు దిగులు లేదు. ఆ చేను మాత్రం దానంతటది మారలేదు. నేను పాడుచేసి, తప్పు కాలం మీదికి నెట్టాను.

ఎకరం అక్కకు రాద్దామంటే, వీలునామా నేను పోయాకే అమలవుతుందన్నారు కిరణ్ కుమార్ గారు. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. అందుచేత దాన్ని ఈ వీలునామాలోంచి తీసేశాను. వచ్చే సోమవారం రిజిస్ట్రారాఫీసులో ఆవిడ పేర దాన దస్తావేజు రాసిస్తాను. చేపలు పట్టించి, నీళ్ళు తోడించి, గట్లు కొట్టించి వరి వేయిస్తాను. సూర్యతేజ అడ్డు చెప్పకూడదు. ఆటో చాటున దాక్కున్న సంగతి అక్కకు నోటితో చెప్పలేక, ఆవిడ చదువుతుందని ఇందులో రాయించాను.

6. దీని అమలు బాధ్యత ప్రసన్నది.

తుమ్మలంక, 2025 డిసెంబరు 12, శుక్రవారం.

(సంతకం) వడ్లపట్ల తాతారావు

సాక్షులు:
1. హేమంత్‌కుమార్, పోస్టుమాస్టరు
2. వీరరాఘవమ్మ

రెండో సాక్షి గురించి నా చేత్తో రాస్తున్నది: ఇందులో ఆవిడకు ఏమీ రాలేదు గనుక సాక్షిగా ఉండొచ్చన్నారు. కళ్ళజోడు తెచ్చుకోమని కబురు చేస్తే తెచ్చుకుంది. చదువక్కా అని ఇచ్చాను. "నువ్వు రాశాక చూసేదేముందిరా, ఎక్కడ పెట్టాలో చూపించు" అని సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఇక నోటితోనే చెప్పాలి. వాళ్ళింటికి బయలుదేరుతున్నాను.