పొలమారడం కాదమ్మా

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. ఈసారి ఈ మాట మొక్కుబడికి రాయడం లేదు.

నీ ప్రశ్నలకు జవాబులు. మేడమీద కొళాయి కారడం మానింది, నేను బాగుచేయడం మానాక. ఇక రెండోది. "నాన్నకు రోజూ పొలమారుతోందని అమ్మ రాసింది, నేనంతగా తలుచుకుంటున్నానా?" అని అడిగావు. తలుచుకునే ఉంటావు గానీ, నాకు పొలమారలేదమ్మా. ముద్ద రొమ్ము మధ్యలో ఆగిపోయేది. ఆ సంగతి చెప్పలేక దగ్గేవాణ్ణి. మీ అమ్మ నెత్తిమీద తట్టి, అమ్మాయి తలుచుకుంటోందని మురిసిపోయేది. ఆ మురిపెం చాటున దాక్కున్నాను.

తిండి దాని బరువుకు అదే కిందికి జారుతుందని నా నమ్మకం. అందుకని నిలబడి తిన్నాను, తిన్నాక వంటింట్లో మడమలెత్తి ఒళ్లు కుదేశాను. ఆయన వ్యాయామం మొదలుపెట్టారని మీ అమ్మ ఎదురింటావిడకు గొప్పగా చెప్పుకుంది.

చివరికి ఒక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "మింగుడు పడటం లేదా?" అంది. ఏ సంగతి అని అడిగాను. నవ్వి, బొమ్మ గీసి చూపించింది. అన్నవాహిక ఒట్టి గొట్టం కాదట. ముద్దకు వెనక బిగుస్తూ, ముందు వదులవుతూ, అలలాగా తోసుకుపోతుందట. తలకిందులుగా వేలాడినా ముద్ద పొట్టకే చేరుతుందట. అడుగున ఉన్న బిగువైన కండరం వేళకు సడలి, ముద్దను లోపలికి వదిలి, మళ్లీ మూసుకుంటుందట. బతుకంతా బస్సులో "ముందుకు జరగండి" అని అరిచినవాణ్ణి. నాలోపలే నోరెత్తని కండక్టరు ఒకడున్నాడని ఈ వయసులో తెలిసింది.

ఇప్పుడు అసలు మాట. అది చెడ్డ జబ్బేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. గ్యాసు బండ మార్చడం దగ్గర్నుంచి బ్యాంకు పని దాకా మీ అమ్మకు ఏదో వంకతో నేర్పిస్తూ వచ్చాను. "ఎక్కడికైనా వెళ్తున్నారా?" అంది ఒకరోజు. పాసుపుస్తకం తిప్పి తర్వాతి పేజీ చూపించాను.

గొంతులోంచి కెమెరా పంపి చూశారు, ముక్క తీసి పరీక్షించారు. చెడ్డదేమీ లేదమ్మా. పొట్టలో పులుపు ఎగదన్ని, గొట్టం అడుగున పుండై, మచ్చకట్టి ఇరుకైందట, అంతే. అది తెలిశాకే మీ అమ్మకు చెప్పాను. తిట్టలేదు. అందుకే భయమేసింది. చిన్న బుడగ పెట్టి ఆ ఇరుకును వెడల్పు చేసిన రోజున బయట బల్లమీద కూర్చునే ఉంది.

నిన్న మధ్యాహ్నం ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం. మొదటి ముద్ద ఆగకుండా దిగింది. రెండోదీ దిగింది. తలెత్తి చూస్తే మీ అమ్మ కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. తినవేమన్నాను.

"నాకిప్పుడు దిగదు. మీరు కానివ్వండి" అంది, మొహం పక్కకు తిప్పుకుని.

గొట్టం చక్కగా ఉన్న మనిషికి కూడా ఒక్కోసారి ముద్ద దిగదని డాక్టరమ్మ చెప్పలేదు. ఆమె తినేదాకా నేను లేవలేదు.

ఇట్లు,
వేళకు ఆకలేస్తున్న
మీ నాన్న