దాచుకున్న ఎడమ కన్ను

చిరంజీవి చిట్టికి మామయ్య దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ ల్యాబులో ఎలుకలూ కులాసా అని తలుస్తాను. నువ్వు కళ్ళ మీదే పరిశోధన చేస్తున్నావు కాబట్టి ఈ శుభవార్త ముందు నీకే చెబుతున్నాను.

నలభై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాను కదా. భూతద్దం ఎప్పుడూ కుడి కంటికే బిగిస్తాను. ఎడమ కన్ను మూసి ఉంచుతాను. మధ్యాహ్నం రెండు గంటల పాటు కొట్టు వెనకగదిలో దీపం ఆర్పేసి పడుకుని, ఆ కంటికి అదనంగా విశ్రాంతి కూడా ఇస్తాను. కుడిది అలిసిపోయిన నాడు ఎడమది సరికొత్తగా చేతికొస్తుందని నా ముందుచూపు. ఆ రోజు వచ్చేసింది. చక్రాల పళ్ళు కుడి కంటికి అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. ఒకటో తేదీ నుంచి ఎడమ కన్ను డ్యూటీలోకి దిగుతుంది. ఎదురుగా కూర్చుని మరలు అందిస్తున్న మీ అత్తయ్యతో అంటే, ఏ కన్నైనా వాడుకోండి గానీ మధ్యాహ్నం విశ్రాంతి మాత్రం మానకండి అంది. నా ఆరోగ్యం మీద ఆవిడకు అంత శ్రద్ధ.

ఇట్లు
మీ మామయ్య

తా.క. బాగుచేసిన ప్రతి గడియారం మూత లోపల సూదితో తేదీ గీస్తానని నీకు తెలుసుగా. రెండేళ్ళుగా అలా గీసినవాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. అదీ ఒంటి కన్నుతో.

—

మామయ్యకు చిట్టి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మామయ్యా, చీకట్లో కన్ను విశ్రాంతి తీసుకోదు. కంటి వెనక రెటీనా అనే పల్చటి తెర ఉంటుంది. అందులో వెలుతురును పట్టే కణాలకు చీకటైతే తలుపులు తెరుచుకుంటాయి. లోపలికి ఉప్పు వస్తూనే ఉంటుంది, అవి దాన్ని బయటికి తోడిపోస్తూనే ఉంటాయి. వెలుతురు పడితే తలుపులు మూసుకుంటాయి, తోడే పని తగ్గుతుంది. అంటే ఆ కణాలు వెలుతురులో కన్నా చీకట్లోనే ఎక్కువ ఆక్సిజన్, ఎక్కువ శక్తి ఖర్చుపెడతాయి.

కన్ను దాచుకుంటే దాగేది కాదు. ఒకసారి డాక్టరుకు చూపించండి.

ఉంటాను,
చిట్టి

తా.క. ఎలుకలు కులాసా. చీకటి గదిలో ఉన్నాయి. ఇకమీదట వాటిని సోమరిపోతులనకండి.

—

చిరంజీవి చిట్టికి దీవెనలు.

నీ ఉత్తరం పిడుగులా పడింది. కొట్టు తలుపు సగానికి దించి కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళు కుడి కన్ను కష్టపడుతోందని జాలిపడ్డాను. మూసి ఉంచిన ఎడమది లోపల ఉప్పు తోడుతోందని నాకెవరు చెప్పారు?

వెంటనే చర్యలు తీసుకున్నాను. పడకగదిలో రాత్రంతా లైటు వేసే ఉంచుతున్నాను. మీ అత్తయ్య దుప్పటి తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం విశ్రాంతి పూర్తిగా రద్దుచేశాను. ఆ రెండు గంటలూ బల్ల దగ్గరే, కిటికీకి ఎదురుగా, ఎడమ కన్ను వేళ్ళతో తెరిచి పట్టుకుని కూర్చుంటున్నాను. లైటు గురించి పల్లెత్తు మాట అనని ఆవిడ, విశ్రాంతి మానేసినందుకు మాత్రం నా మీద విరుచుకుపడింది. వెనక్కి వెళ్ళి పడుకోమని రోజూ పోరు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. ఈ వారం మూడు గడియారాలు తిరిగొచ్చాయి. ఎడమ కన్ను కక్ష తీర్చుకుంటోందని నా అనుమానం.

—

మామయ్యకు నమస్కారాలు.

ముందు ఆ లైటు ఆర్పండి. చీకట్లో కన్ను ఎక్కువ పని చేస్తుందంటే పాడవుతుందని కాదు. అది దాని రోజువారీ పని, అందుకు కావలసింది రక్తమే అందిస్తుంది. గుండె రోజంతా కొట్టుకుంటోందని దాన్ని ఆపి కూర్చోబెడతామా? చీకట్లో పడుకోండి, అత్తయ్యను లోపలికి పిలవండి. మరచిపోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీ
చిట్టి

తా.క. వేళ్ళతో కన్ను తెరిచి పట్టుకోవడం మాకు ఎలుకల మీద కూడా నిషిద్ధం.

—

చిరంజీవి చిట్టికి,

రక్తమే అందిస్తుందన్నావు కాబట్టి రెండో పూట భోజనం ఎడమ కంటి పేరు మీద చేస్తున్నాను. ఎడమ వైపే నములుతున్నాను.

అది అలా ఉంచు. పదకొండు గడియారాలు తిరిగొచ్చాయి. స్కూలు టీచరుగారు తన గడియారం బల్ల మీద పెట్టి, మీకు ఒంట్లో బాగుండటం లేదా అని మెల్లగా అడిగి వెళ్ళారు. తిట్టి ఉంటే బాగుండేది. ఇలాగే ఉంటే కొట్టు మూసుకోవాల్సిందే. ఒకటో తేదీ దాకా ఆగలేక ఈ పొద్దున భూతద్దం ఎడమ కంటికి బిగించాను.

చిట్టీ, ఏమీ కనబడలేదు. అంతా పాలు కలిపిన నీళ్ళలా ఉంది. భూతద్దం తీసి సొరుగులో పెట్టేశాను.

మామయ్య

తా.క. భయంగా ఉంది. ఇది అత్తయ్యకు తెలియనివ్వకు.

—

మామయ్యా,

ఈ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఎప్పుడూ ఒంటరిగా వాడని కన్ను కదా, మసకబారినా మీకు తెలిసే దారి లేదు. అత్తయ్యను వెంట తీసుకువెళ్ళండి.

చిట్టి

తా.క. అత్తయ్యకు నేను ముందే ఫోన్ చేశాను. తిట్టుకోండి.

—

చిరంజీవి చిట్టికి మామయ్య దీవెనలు.

అది శుక్లం. బాగా ముదిరిందట. తీసేశారు. వెనకున్న తెర మాత్రం నిక్షేపంలా ఉందన్నారు. నెల గడిచాక, డాక్టరు సరేనన్నాకే, భూతద్దం ఎడమ కంటికి పెట్టాను. చక్రం మీది ప్రతి పన్నూ విడివిడిగా కనిపించింది. కాసేపు ఏడ్చాను, దాచడమెందుకు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నేను నిరుడు బాగుచేసిన గడియారం ఒకటి శుభ్రం చేయడానికి వచ్చింది. మూత తీస్తే నా తేదీ ఉంది. దాని కింద సూదిమొనతో పెట్టిన చిన్న చుక్క ఉంది. అది నాది కాదు. ఈ రెండేళ్ళలో నా చేతిమీదుగా పోయినవి నలుగురైదుగురిని అడిగి తెప్పించి చూశాను. అన్నిటిలోనూ చుక్క. ఈ మధ్య తిరిగొచ్చిన పదకొండింటిలో మాత్రం లేదు.

మీ అత్తయ్యను పిలిచి చూపించాను. ఆవిడ తల వంచుకుని, "మీరు వెనకగదిలో పడుకున్నప్పుడు సరిచేసి పెట్టేదాన్ని. చెబితే ఆ రోజే పని మానేసేవారు" అంది.

నలభై ఏళ్ళు నా ఎదురుగా కూర్చుని మరలు అందించింది. చూస్తూ నేర్చుకుందన్న సంగతి నాకు తట్టనే లేదు. సిగ్గుపడ్డాను, ఆ మాట ఆవిడకు చెప్పాను కూడా. బల్లకు రెండో కుర్చీ వేయించాను. మధ్యాహ్నం ఇప్పుడు ఆవిడ పడుకుంటోంది, నేను పని చేస్తున్నాను.

ఇట్లు
మీ మామయ్య

తా.క. చీకట్లో ఉన్నదే ఎక్కువ పని చేస్తుందని నువ్వు రాసిన ఉత్తరాన్ని, అది వచ్చిన రోజే అత్తయ్య నా చేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి నవ్వింది కూడా. ఎందుకని అడగాలని అప్పుడు నాకు తోచలేదు.