పటాసు ముట్టించని ఊరు

అక్కా, మాల్దీవుల్లో నేను బాగానే ఉన్నాను, కలవరపడకు. నిన్న మా హోటల్‌వాళ్ళు వంటవాళ్ళందరినీ నీళ్ళమీద దిగే విమానం ఎక్కించారు. పైనుంచి సముద్రం నీ నెమలికంఠం చీర పరిచినట్టుంది. దిగేటప్పుడు ఆ మోతకు ఇసుకదిబ్బ మీద పొదుగుతున్న పక్షులన్నీ గుడ్లు వదిలి లేచిపోయాయి. అందరూ ముచ్చటపడి ఫోటోలు తీశారు. నాకు చెయ్యి రాలేదు. కొంగలు పిల్లలు చేసే కాలమని దీపావళికి పటాసు ముట్టించని ఊరు కదా మనది.

చెరువుకు కొంగలు వచ్చాయా? ఆవు ఈనిందా? బావకు దండాలు చెప్పు. "మామా, వచ్చేప్పుడు మదురైలో పటాసు కొనుకోని రా" అని నీ కొడుకు కవిన్ ఫోనులో అడిగాడు. తేనని చెప్పు. మన ఇంటి వంతు మోత ఈ యేడు నేనిక్కడే చేసేశాను.

నీ తమ్ముడు శక్తివేల్